కానూరులో తొమ్మిది మంది ఉండే ఇంటికి హీట్ పంప్: మిషన్ బుక్ చేసే ముందు పైపులు ఎటు వెళ్తాయో తేల్చుకోండి

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెబుతాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిచేయండి. విజయవాడ కానూరులో కింద ఒకటి, పైన రెండు అంతస్తులతో ఇల్లు కడుతున్నారు. అమ్మానాన్నలు, మీరు, మీ తమ్ముడి కుటుంబం, పిల్లలు కలిసి తొమ్మిది మంది. బాత్‌రూములు ఐదు. నీళ్ళు బోరువే. డాబా మీద 5 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ళు పెట్టాలనుకుంటున్నారు కాబట్టి సోలార్ వాటర్ హీటర్‌కి చోటు మిగలదు. ఇంగ్లండ్‌లో ఉన్న మీ అన్నయ్య వాళ్ళింట్లో హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళు వేడిచేసే మిషన్) పెట్టించుకుని, మనకూ పెట్టించండని చెప్పారు. ఇక్కడ ఒకాయన 300 లీటర్ల మిషన్, ఫిట్టింగుతో కలిపి లక్షా అరవై ఐదు వేలు అన్నారు. ఇది సరైనదేనా, దీన్ని ఎవరితో ఎలా డిజైన్ చేయించుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా కంప్రెసర్ల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. తర్వాత హోటళ్ళకి, హాస్టళ్ళకి, ఇళ్ళకి వేణ్ణీళ్ళ పని చేస్తున్నాను. ఇప్పటిదాకా నేను చూసిన చెడిపోయిన పనుల్లో మిషన్ తప్పు తక్కువ. పైపు తప్పు, చోటు తప్పు, నీటి తప్పు ఎక్కువ. మీ ఇంటి గోడలకు పైపుల కోసం ఇంకా గాడి కొట్టలేదన్నారు. అది మీకున్న గొప్ప వెసులుబాటు, దాన్ని పోగొట్టుకోకండి.

మీ అన్నయ్య ఇంట్లోదీ మీరు పెట్టించబోయేదీ పనిచేసే పద్ధతి ఒకటే, చేసే పని వేరు. అక్కడ హీట్ పంప్ ఇల్లంతటినీ వెచ్చగా ఉంచాలి. బయట మైనస్ రెండు మూడు డిగ్రీలు ఉన్నప్పుడు ఏ గదిలోంచి ఎంత వేడి బయటికి పోతుందో గది గదికీ లెక్కగట్టి, రేడియేటర్ సైజు తేల్చి, అప్పుడు మిషన్ ఎంచుతారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వం దానికి 7,500 పౌండ్ల సాయం కూడా ఇస్తుంది. మనకి ఇల్లు వెచ్చబెట్టే అవసరం లేదు. జనవరి తెల్లవారుజామున కూడా విజయవాడలో 17, 18 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. మనకి కావలసింది స్నానానికి వేణ్ణీళ్ళు. కానీ అక్కడివాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. లెక్క ముందు, మిషన్ తర్వాత. మీకు 300 లీటర్లని చెప్పినాయన ఇంట్లో ఎంతమంది ఉంటారనైనా అడిగారా?

అసలు ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే తర్వాత చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి. గుంటూరులో కోల్డ్ స్టోరేజీ లోపల మిర్చి బస్తాలు చల్లగా ఉంటాయి. పైన కండెన్సర్ దగ్గర నిలబడితే మొహానికి వేడి ఆవిరి కొడుతుంది. లోపలి వేడిని తీసి బయట పోస్తున్నారన్నమాట. మీ ఫ్రిజ్ పక్కగోడలు వేడిగా ఉండేదీ అందుకే. హీట్ పంప్ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే బయటి గాలిలో ఉన్న వేడిని తీసి నీళ్ళలో పోస్తుంది. గీజర్ ఒక యూనిట్ కరెంటు తిని ఒక యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ ఒక యూనిట్‌తో గాలిలోంచి ఇంకో రెండు రెండున్నర యూనిట్ల వేడిని లాక్కొచ్చి, మొత్తం మూడు మూడున్నర ఇస్తుంది. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు. గాలి వెచ్చగా ఉన్నకొద్దీ, మనం అడిగే నీటి వేడి తక్కువైనకొద్దీ ఇది పెరుగుతుంది. అందుకే చలి దేశాల కంటే మన దగ్గర ఇది ఇంకా బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. నాతో పాటు కాగితం మీద వేయండి.

షవర్ కింద ఆరు నిమిషాలు నిలబడితే మామూలు షవర్‌కి సుమారు 45 లీటర్లు. బకెట్ స్నానానికి 25 లీటర్లు చాలు. ఇప్పుడున్న ఇంట్లో షవర్ కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి, మీ అసలు అంకె తెలుస్తుంది. రెండున్నర నిమిషాల్లో నిండితే నిమిషానికి 8 లీటర్లు. ఐదుగురు షవర్, నలుగురు బకెట్ అనుకుందాం. 225కి 100 కలిపితే 325. వంటింట్లో గిన్నెలకి ఇంకో 30. మొత్తం 355 లీటర్లు. ఇవన్నీ స్నానానికి సరిపడే 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళు. ట్యాంకులో 50 డిగ్రీల నీళ్ళుంటే, శీతాకాలం పొద్దున ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి 22 డిగ్రీల నీళ్ళొస్తుంటే, ఆ కలిపిన నీళ్ళలో వేణ్ణీళ్ళ వాటా 64 శాతం. అంటే రోజుకి 50 డిగ్రీల నీళ్ళు సుమారు 228 లీటర్లు.

దీన్ని చూసి 300 లీటర్ల ట్యాంకు కావాలనుకోకండి. అవన్నీ ఒకేసారి వాడరు. పొద్దున స్కూళ్ళు, ఆఫీసుల హడావిడిలో ఎనిమిదిన్నర లోపు ఏడుగురు స్నానం చేస్తారనుకుంటే, నలుగురు షవర్, ముగ్గురు బకెట్, 255 లీటర్లు. అందులో వేడివి 163. 200 లీటర్ల ట్యాంకులో చన్నీళ్ళు కలిసిపోయేలోగా వాడుకోగలిగింది 170 దాకా ఉంటుంది. పైగా మిషన్ మధ్యలో ఊరుకోదు. 2 కిలోవాట్ల వేడి ఇచ్చే మిషన్ గంటకి 60 లీటర్లకు పైగా మళ్ళీ వేడి చేస్తుంది. మీ ఇంటికి 200 చాలు. ఏటా సంక్రాంతికి చుట్టాలు పదిహేను మంది దిగే ఇల్లయితే ఆ నాలుగు రోజులకి మిషన్‌లోనే ఉండే బ్యాకప్ కరెంటు హీటర్ వేసుకోవచ్చు. ఆ నాలుగు రోజుల కోసం ఏడాదంతా పెద్ద ట్యాంకును వేడిగా ఉంచడం దండగ.

డబ్బు లెక్క కూడా ఉన్నదున్నట్టు చెప్తాను, ఎందుకంటే అమ్మేవాళ్ళు ఇది సగమే చెబుతారు. లీటరు నీళ్ళని ఒక డిగ్రీ పెంచడానికి 1.163 వాట్ అవర్లు కావాలి. 228 లీటర్లు, 28 డిగ్రీలు అంటే 7.4 యూనిట్ల వేడి. గీజర్లతో అయితే ఐదు గీజర్లు చల్లారే నష్టంతో కలిపి రోజుకి 8 యూనిట్లు దాటుతుంది. హీట్ పంప్‌తో రెండున్నర. తేడా ఐదున్నర. మన దగ్గర ఇంటి కనెక్షన్‌కి నెలకి 400 యూనిట్లు దాటితే పైవాటికి యూనిట్‌కి 9.75 రూపాయల శ్లాబు పడుతుంది. ఏసీలున్న తొమ్మిది మంది ఇల్లు ఆ శ్లాబులోకి వెళ్తుందనే అనుకుందాం. నాలుగు నెలల చలికాలానికి మిగిలేది ఆరున్నర వేల దాకా. మిగతా నెలల్లో అమ్మానాన్నలు, చిన్నపిల్లలు వాడేదానికి ఇంకో రెండు వేలు. ఏడాదికి తొమ్మిది వేల లోపు. ఐదు మంచి గీజర్ల ఖర్చు తీసేసి చూస్తే, 200 లీటర్ల హీట్ పంప్‌కి అదనంగా పెట్టే డబ్బు తిరిగి రావడానికి తొమ్మిది పదేళ్ళు పడుతుంది. ‘రెండేళ్ళలో డబ్బులొచ్చేస్తాయండి’ అనే మాట హోటళ్ళకి, హాస్టళ్ళకి నిజం. వాళ్ళు రోజూ వేల లీటర్లు, ఏడాది పొడుగునా వాడతారు. ఇంటికి అది వర్తించదు.

అందుకే ముగ్గురు నలుగురుండి, డిసెంబరు జనవరిలో మాత్రమే వేణ్ణీళ్ళు పోసుకునే ఇళ్ళవాళ్ళు అడిగితే నేను వద్దనే చెప్తాను. డాబా ఖాళీగా ఉంటే సోలార్ వాటర్ హీటర్ పెట్టుకోండి, మన ఎండకి అంతకంటే చవక లేదు. మీ విషయంలో మాత్రం పెట్టించుకోమంటాను. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారికి ఏడాది పొడుగునా వేణ్ణీళ్ళు కావాలి. డాబా ప్యానెళ్ళకి పోతోంది. పొద్దున్నే ఐదు గీజర్లు ఒకేసారి వేస్తే 10 కిలోవాట్ల లోడు. దాని బదులు ఒక కిలోవాట్ లోపు కంప్రెసర్. పైగా ఇల్లు ఇంకా కట్టుబడిలోనే ఉంది. కట్టేసిన ఇంట్లో గోడలు పగలగొట్టి ఈ పని చేయించమంటే వద్దనేవాణ్ణి.

ఇక పైపుల సంగతి. నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే.

చాలా ఏళ్ళ కిందట గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటికి హీట్ పంప్ పెట్టాను. మిషన్ డాబా మీద. కింద ఇంటి వెనకవైపు గదిలో పెద్దావిడ ఉండేది, ఆవిడ బాత్‌రూముకి పైపు దూరం 22 మీటర్లు. ప్రెషర్ బాగుంటుందని అంగుళం సీపీవీసీ (వేణ్ణీళ్ళకి వాడే ప్లాస్టిక్ పైపు) వేశాను. ఇన్సులేషన్ డాబా మీద ఉన్నంత మేరకే తొడిగించాను, గోడలో ఎందుకులే అనుకున్నాను. పదిహేను రోజుల తర్వాత పిలిచారు. నేను వెళ్ళేసరికి ఆవిడ బాత్‌రూములో స్టూలు మీద కూర్చుని ఉంది, పక్కన చిన్న బకెట్ నిండా చన్నీళ్ళు. కొళాయి కింద చెంబు పట్టి, మాటిమాటికీ అరచేతి వెనక భాగంతో నీళ్ళు తాకి చూస్తోంది. వేణ్ణీళ్ళు వచ్చేదాకా రోజూ అలా బకెట్ నింపి, తర్వాత ఎవరినైనా పిలిచి తులసికోట దగ్గర పోయిస్తోందట. డిసెంబరు చలిలో తడిబట్టలతో ఆవిడ అలా కూర్చుని ఉండటం చూశాక నాకు నోట మాట రాలేదు. అంగుళం సీపీవీసీలో మీటరుకి దాదాపు 0.43 లీటర్ల నీళ్ళు నిలుస్తాయి. 22 మీటర్లకి తొమ్మిదిన్నర లీటర్లు. ఆ నీళ్ళన్నీ బయటికి పోతేగాని ట్యాంకులోని వేడి ఆవిడ దగ్గరికి రాదు. ఆ లెక్క ముందు వేసుకోలేదు, అది నా తప్పు. నా ఖర్చుతోనే ఆ బాత్‌రూముకి దగ్గర దారిలో ముప్పావు అంగుళం పైపు, మొత్తం ఇన్సులేషన్‌తో మళ్ళీ వేయించాను.

కాబట్టి మీ ప్లంబర్‌ని కూర్చోబెట్టి ఒక కాగితం మీద ఇంటి ప్లాన్ గీసి, ట్యాంకు నుంచి ప్రతి బాత్‌రూము కొళాయికీ పైపు ఎన్ని మీటర్లో రాయించండి. ముప్పావు అంగుళం పైపులో మీటరుకి పావు లీటరు పైచిలుకు నీళ్ళుంటాయి. ఏ కొళాయికీ మూడు లీటర్లు మించకుండా చూసుకోండి, అంటే పదకొండు మీటర్ల లోపు. అందుకని ట్యాంకు డాబా మీద కాకుండా మొదటి అంతస్తు యుటిలిటీ బాల్కనీలో పెట్టడం మీ ఇంటికి మంచిది. పైకీ కిందికీ ఒక్కొక్క అంతస్తే దూరం. మీ ఐదు బాత్‌రూముల్లో నాలుగు ఒకదాని మీద ఒకటి ఉన్నాయన్నారు కాబట్టి ఒకే షాఫ్ట్‌లో నిలువు పైపు దింపొచ్చు. ఐదోది మూలన దూరంగా ఉంటే దాన్ని వదిలేయండి. అక్కడ చిన్న గీజర్ పెట్టుకోండి, నష్టం లేదు.

వేణ్ణీళ్ళ పైపు ఎక్కడున్నా, గోడ లోపలున్నా సరే, వేడి పోకుండా నైట్రైల్ రబ్బరు స్లీవ్ తొడగాలి. దాని మందం లెక్కలోకి తీసుకుని గాడి వెడల్పుగా కొట్టమని మేస్త్రికి ముందే చెప్పండి. లేకపోతే ప్లాస్టరింగ్ రోజున ‘పట్టట్లేదు’ అని స్లీవ్ పీకి పక్కన పడేస్తారు, ఇది ప్రతి సైటులోనూ జరిగేదే. ఎండ తగిలే చోట సీపీవీసీ కొన్నాళ్ళకి పెళుసుబారుతుంది. స్లీవ్ కూడా పొడిపొడిగా రాలిపోతుంది. దాని మీద అల్యూమినియం షీటో, ఎండకు తట్టుకునే టేపో చుట్టించాలి.

ఒక్క ప్లంబింగ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అన్నిటికంటే పై అంతస్తుకి ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ప్రెషర్ రాదని ప్రెషర్ పంపు పెట్టిస్తారు. దాన్ని చన్నీళ్ళ లైనుకే కలిపితే, షవర్ మిక్సరులో చన్నీళ్ళు వేణ్ణీళ్ళని వెనక్కి తోసేస్తాయి, ఎంత తిప్పినా గోరువెచ్చగా రాదు. జనం మిషన్ పనిచేయట్లేదని ఫిర్యాదు చేస్తారు. పంపు తర్వాత ఒకే లైను నుంచి చన్నీళ్ళూ, హీట్ పంప్‌కి వెళ్ళే నీళ్ళూ రెండూ చీలాలి. ఇంకోటి, 200 లీటర్ల నీళ్ళు 25 నుంచి 55 డిగ్రీలకు వేడెక్కితే రెండు లీటర్లకు పైగా వ్యాకోచిస్తాయి. ట్యాంకుకి వెళ్ళే లైనులో నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది కాబట్టి ఆ నీళ్ళకి వెనక్కి పోయే దారి ఉండదు. అందుకే ఆ పెరిగిన నీళ్ళకి చోటిచ్చే చిన్న ఎక్స్‌పాన్షన్ వెసెల్ పెట్టించండి. లేకపోతే సేఫ్టీ వాల్వ్ రోజూ కారుతుంది. కారుతోంది కదా అని ఎవరైనా దానికి ప్లగ్ కొడితే మాత్రం వెంటనే తీయించండి. అది ప్రాణాల మీదికి వచ్చే పని.

చోటు విషయంలో రెండు మూడు మాటలు. నీళ్ళతో నిండిన 200 లీటర్ల ట్యాంకు, మిషన్ కలిపి 300 కిలోల దాకా తూగుతుంది. బాల్కనీ అంచున కాకుండా బీమ్‌కి దగ్గరగా, మీ స్ట్రక్చరల్ ఇంజనీరుని అడిగి పెట్టించండి. మిషన్ చల్లటి గాలి వదులుతుంది, ఆ గాలి మళ్ళీ అదే మిషన్‌లోకి పోకూడదు. ఒక ఇంట్లో అందంగా కనబడాలని చుట్టూ తలుపులు పెట్టి మూసేశారు. గంటలో ఆ గది 27 డిగ్రీల నుంచి 16కి దిగింది, మిషన్ తన చలిలో తానే వణుకుతున్నట్టయింది. కరెంటు లాగుతూనే ఉంది, నీళ్ళు మాత్రం వేడెక్కలేదు. మాన్యువల్‌లో మిషన్ చుట్టూ ఎంత ఖాళీ వదలాలో, మూసిన గది అయితే ఎంత పెద్దదై ఉండాలో రాసి ఉంటుంది, అంతకు తగ్గనివ్వకండి. ఆ చల్లగాలిని గొట్టంతో వంటింటివైపు తిప్పుకుంటే ఎండాకాలం కొంచెం హాయిగా ఉంటుంది కూడా. వానాకాలంలో గాలిలోని తేమ నీళ్ళై రోజుకి లీటర్ల లెక్కన కారుతుంది. దానికి డ్రెయిన్ పైపు, వాలు ముందే ఏర్పాటు చేయాలి. శబ్దం పాత విండో ఏసీ అంత ఉండదు గాని, పడకగది కిటికీ కింద మాత్రం వద్దు.

మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా మిషన్ల డేటా షీటులో పనిచేసే బయటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల దాకా అని ఉంటుంది. విజయవాడలో మే నెలలో 45 దాటిన రోజులు మనందరికీ తెలుసు. రెంటచింతల వైపు సంగతి చెప్పనే అక్కర్లేదు. పడమటి ఎండ పడే గోడ పక్కన ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు కంప్రెసర్‌లో ప్రెషర్ పెరిగి మిషన్ ఆగిపోతుంది, లేదా ఆగకుండా నడిచి ఆయుష్షు తగ్గించుకుంటుంది. కొనే ముందు ఆ అంకె అడగండి. కాగితం మీద చూపించమనండి. నీడ పడే చోటు చూడండి. టైమర్‌ని చలికాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య పెట్టండి, పొద్దున స్నానాల హడావిడి సమయానికి ఇంకోసారి పెట్టండి. మధ్యాహ్నం గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి కరెంటు తక్కువ తింటుంది, మీ ప్యానెళ్ళ కరెంటూ అప్పుడే వస్తుంది, వేడెక్కిన నీళ్ళు మంచి ట్యాంకులో తెల్లారేసరికి నాలుగైదు డిగ్రీలే తగ్గుతాయి. అందుకని ఆ సీజన్‌లో 55 పెట్టండి. ఎండాకాలంలో మాత్రం తెల్లవారుజాముకి మార్చేయండి.

బోరు నీళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కానూరు చుట్టుపక్కల బకెట్ల మీద తెల్లటి చారలు మీరు చూసే ఉంటారు. అదే ట్యాంకు లోపలా పేరుకుంటుంది. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో చూపేది) చూసి నిర్ణయించకండి, అది కాఠిన్యం చెప్పదు. ల్యాబులో కాఠిన్యం, క్లోరైడ్ రెండూ పరీక్ష చేయించండి. తాగునీటికి మన జాతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. వేణ్ణీళ్ళ ట్యాంకుకి నా లెక్క 300 దాటితే సాఫ్టెనర్ కావాలి. వేడి ఇచ్చే కాయిల్ ట్యాంకు బయట చుట్టి ఉన్న మోడల్ తీసుకోండి. నీళ్ళు ప్లేట్ల మధ్యగా తిరిగే రకం మన బోరు నీళ్ళకి ఏడాది తిరక్కుండానే ఉప్పు పట్టి మూసుకుపోతుంది. క్లోరైడ్ ఎక్కువుంటే మామూలు 304 స్టీలు ట్యాంకు వెల్డింగుల దగ్గర చిల్లులు పడుతుంది. 316 స్టీలో, గ్లాస్ లైనింగో అడగండి. గ్లాస్ లైనింగ్ ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, ట్యాంకు బదులు తాను తుప్పు పట్టడానికి. మన నీళ్ళలో దాన్ని ఏడాదికోసారి తీసి చూడాలి. సాఫ్టెనర్ పెడితే ఇంకా తొందరగా అరుగుతుంది. ఆ కడ్డీ బయటికి లాగడానికి ట్యాంకు పైన చోటు వదిలారా అని ఫిట్టింగ్ రోజునే చూడండి. స్లాబు అడ్డొస్తే ఇక తీయలేరు.

ఒకే పెట్టెలో అన్నీ ఉండే మోడల్ అయితే, ఏసీలోలా వేడిని మోసే గ్యాస్ లైను పని ఉండదు, మంచి ప్లంబరు, ఎలక్ట్రీషియను చాలు. మీకు నేను అదే సూచిస్తాను. ఏసీలా రెండు ముక్కలుగా వచ్చేదైతే, మెకానిక్ గ్యాస్ వదిలే ముందు వాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట నడిపి, పంపు ఆపాక గేజు ముల్లు కదలకుండా నిలబడిందా అని మీరు పక్కన నిలబడి చూడండి. కొద్దిగా గ్యాస్ వదిలి గాలి తోసేశామంటే ఒప్పుకోవద్దు. లోపల తేమ మిగిలితే కంప్రెసర్ ఆయిల్ పాడై, రెండు మూడేళ్ళలో కంప్రెసర్ పోతుంది. గ్యాస్ ఏదో కూడా అడగండి. ఆర్ 134ఏ మిషన్ 60 డిగ్రీలకి హాయిగా వెళ్తుంది. ఆర్ 290 పర్యావరణానికి చాలా మంచిది కాని అది ప్రొపేన్, మండుతుంది, కాబట్టి మూసిన గదిలో మాన్యువల్ చెప్పకుండా పెట్టకూడదు.

కరెంటుకి విడిగా లైను, 16 లేదా 20 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్. నీళ్ళ దగ్గరి మిషన్ కాబట్టి ఇందులో బేరం వద్దు. మీ ఏరియాలో ఎండాకాలం వోల్టేజీ పడిపోతుంటే స్టెబిలైజర్ కూడా.

పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇల్లు కాబట్టి ఇది మరిచిపోకండి. 60 డిగ్రీల నీళ్ళు ఐదు సెకన్లలో ఒళ్ళు కాలుస్తాయి. అలాగని ఎప్పుడూ 45 దగ్గర నిలవ ఉంచితే లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే వీలుంది. అందుకే వారానికోసారి 60కి తీసుకెళ్ళేలా సెట్టింగ్ పెట్టి, ట్యాంకు నుంచి బయటికొచ్చే చోట, చన్నీళ్ళు కలిపి వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ ఒకటి పెట్టించండి. నాన్నగారి బాత్‌రూముకైనా తప్పకుండా ఉండాలి.

ఫిట్టింగ్ అయిపోయాక డబ్బు మొత్తం ఇచ్చేయకముందు ఒక పరీక్ష చేయించండి. ఆ లైనుకి చిన్న సబ్ మీటర్ పెట్టించండి, వెయ్యి రూపాయల లోపు పని. ట్యాంకు మొత్తం చల్లటి నీళ్ళతో నింపి, 25 నుంచి 50కి ఎక్కనివ్వండి. 200 లీటర్లకి దాదాపు 5.8 యూనిట్ల వేడి కావాలి, కాబట్టి మీటరు రెండు యూనిట్ల దగ్గర ఆగాలి. నాలుగు, అంతకు పైన చూపిస్తే లోపల బ్యాకప్ హీటర్ నడుస్తోందని అర్థం. ఇది నేను చాలా ఇళ్ళలో చూశాను. నీళ్ళు తొందరగా వేడెక్కుతున్నాయని చూపించడానికి ఫిట్టర్ బ్యాకప్ హీటర్ కూడా నడిచే హైబ్రిడ్ మోడ్‌లో పెట్టి వెళ్ళిపోతాడు. ఇంటివాళ్ళు ఏడాదంతా గీజర్ బిల్లే కడుతుంటారు. మెనూలో హీట్ పంప్ ఒక్కటే నడిచే ఎకో మోడ్‌కి మార్చి, అదెలా మార్చాలో మీరూ నేర్చుకోండి. తర్వాత ప్రతి బాత్‌రూములోనూ మగ్గు, థర్మామీటరు పట్టుకుని, కొళాయి తిప్పాక 40 డిగ్రీలు రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. నాన్నగారి బాత్‌రూముతో మొదలుపెట్టండి.

మీకు కోట్ ఇచ్చినాయన దగ్గరికి ఇప్పుడు ఈ అంకెలతో వెళ్ళండి. 200 లీటర్లు, కాయిల్ బయట చుట్టినది, 43 కంటే పైన పనిచేసేది, ట్యాంకు ఏ స్టీలో రాసి, ఎక్స్‌పాన్షన్ వెసెల్, మిక్సింగ్ వాల్వ్, ఇన్సులేషన్ అన్నీ విడివిడిగా రేటు వేసి ఇమ్మనండి. ట్యాంకుకి ఎన్నేళ్ళు, కంప్రెసర్‌కి ఎన్నేళ్ళు గ్యారంటీ, బోరు నీళ్ళు వాడితే అది చెల్లుతుందా అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

వచ్చే వారం గోడలకు గాడి కొడతారన్నారు కదా. ఈలోగా ఇంటి ప్లాన్ మీద బాత్‌రూముల చోటు, యుటిలిటీ బాల్కనీ కొలతలు, అది ఏ దిక్కుకి ఉందో రాసి నాకు పంపండి. నీటి పరీక్ష రిపోర్టు వస్తే అది కూడా. పైపు దారి గీసి ఇస్తాను, మీ ప్లంబర్‌కి చూపించి అప్పుడు పని మొదలుపెట్టించండి.